పూజలో పెట్టిన డిస్కు

మా వర్క్స్ మేనేజరు పేరు నేనిక్కడ రాయను. మరిచిపోయి కాదు, ఆ పేరు రాయడానికి ఇంకు దండగ. మేనేజరు అంటాను, అంతకంటే మర్యాద అతనికి అక్కర్లేదు. శివమ్మ పేరు మాత్రం ఎన్నిసార్లయినా రాస్తాను, ఇది ఆమె కథ కాబట్టి. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఇనుప పోత ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్ నడిపిన మనిషి ఆమె.

నా పేరు బర్నబా. అదే ఫ్యాక్టరీలో పర్చేజ్ గుమస్తాని. మేకు నుంచి మోటారు దాకా ఏది కొన్నా కాగితం నా బల్ల మీదుగా పోవాల్సిందే. ఆదివారం సంగారెడ్డిలో చర్చికి పోతాను. శత్రువుల్ని క్షమించమని పాస్టరుగారు చెబుతుంటే అందరితో పాటు తల ఊపుతాను. సోమవారం పొద్దున గేటు దగ్గర మేనేజరు కారు హారన్ వినబడగానే ఈ చెవిన విన్నది ఆ చెవిన పోయేది. దేవుడు నన్ను క్షమిస్తే చాలు, అతన్ని క్షమించే పని నాకు అప్పజెప్పకూడదు.

శివమ్మ భర్త బాలప్ప మా బట్టీలో పనిచేసేవాడు. కరిగిన ఇనుమును బట్టీలోంచి పట్టుకుపోయి అచ్చుల్లో పోసే పెద్ద బొక్కెన ఉంటుంది, దాని దగ్గర డ్యూటీ. తొంభై ఒకటో సంవత్సరం వానాకాలంలో ఒకరోజు ఆ బొక్కెన కొక్కెం జారింది. అంతకంటే వివరంగా నేను రాయలేను. ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నవాళ్లెవరూ చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కొక్కెం అరిగిపోయిందని, మార్చమని బట్టీవాళ్లు అప్పటికే అడిగి ఉన్నారు. మార్చనిది మేనేజరు. ఆ తప్పు బయటపడకుండా ఉండాలంటే బాలప్ప ఆ రోజు డ్యూటీలో లేకుండా పోవాలి. అందుకని కాగితాల్లో లేకుండా చేశారు. సెలవు రోజున కల్లు తాగి, వెనక గోడ దూకి, తోటివాళ్లతో ముచ్చట్లకు లోపలికి వచ్చాడని రాశారు. డ్యూటీకి వచ్చిన గుర్తుగా గేటు దగ్గర ఇచ్చే ఇత్తడి బిళ్ల అతని దగ్గర కనబడలేదు. టైం ఆఫీసులో హాజరు ఎక్కించే కంప్యూటర్ సరిగ్గా ఆ రోజే క్రాష్ అయిందన్నారు. ఆ రోజుల్లో క్రాష్ అంటే ఏమిటో ఎవరికి తెలుసు? అదేదో అమ్మవారు పోసినట్టు, మనుషుల చేతిలో లేని సంగతి అనుకుని యూనియన్‌తో సహా అందరూ తల ఊపారు. బాలప్ప కల్లు కాదు కదా, పెళ్లిళ్లలో కూల్‌డ్రింకు కూడా వద్దనేవాడు.

శివమ్మ ఇంటర్ దాకా చదివింది, టైపు వచ్చు. నలుగురూ నాలుగు మాటలు అంటారని మేనేజరు ఆమెకు టైం ఆఫీసులో చిన్న ఉద్యోగం ఇచ్చాడు. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. పండగకీ పబ్బానికీ, ఎవరైనా పెద్దమనుషులు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినప్పుడూ ఆమెను పిలిచి, ఈమె మొగుడు తాగి వచ్చి చచ్చిపోయాడు, అయినా దయ తలిచి పని ఇచ్చానని పరిచయం చేసేవాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడేది. నాకు కడుపు మండిపోయేది.

పుట్టింటివాళ్లు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరే, వెళ్లిపోవచ్చు కదా అని ఒకసారి ఆమెను అడిగాను. టీ గ్లాసు కిందపెట్టి నా వైపు చూసింది.

"అన్నా, ఆయన తాగి సచ్చిండని రాసిండ్రు. గా రాసినోనితోనే గది కొట్టేపియ్యాలె. గప్పటిదాంక నేనీడికెల్లి కదల."

అప్పటి నుంచి ఆమె బతుకంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. సాయంత్రాలు రామచంద్రాపురంలో కంప్యూటర్ క్లాసులకు పోయింది. టైం ఆఫీసు కంప్యూటర్‌కు ఎప్పుడు జబ్బు చేసినా బాగుచేయడానికి వచ్చినవాడి పక్కన నిలబడి, ఇదేంది, అదేంది అని వాడి ప్రాణం తీసేది. పాము పగ పన్నెండేళ్లంటారు. పాముకు కంప్యూటర్ క్లాసులు లేవు, శివమ్మకు ఉన్నాయి. పదేళ్లు తిరిగేసరికి కంప్యూటర్ సెక్షన్ మొత్తం ఆమె చేతికి వచ్చింది. మేనేజరు అదీ తన దయేనని చెప్పుకున్నాడు.

రెండువేల ఒకటిలో మా ఎండీ విదేశాలకు సరుకు పంపే ఆర్డరు ఒకటి పట్టుకొచ్చాడు. కొనేవాళ్లు ఒక షరతు పెట్టారు. పోత పోసిన ప్రతి ముక్కా ఏ బట్టీలో, ఏ షిఫ్టులో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడిగిన నిమిషంలో చూపించాలి. దానికి గేటు దగ్గర కార్డు గీకే యంత్రాలు, అన్నింటినీ ఒకచోట దాచే డేటాబేస్, ఆ డేటాబేస్‌కు ఒక సర్వర్ కావాలన్నారు. సర్వరంటే అప్పటిదాకా నాకు ఇడ్లీ తెచ్చేవాడే తెలుసు. ఏ మిషను కొనాలో తేల్చే పని ఎండీ శివమ్మకు అప్పగించాడు. కొటేషన్లు తెప్పించే పని నాది.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన డీలరు మొదట ఒక కొటేషన్ పెట్టాడు. ఉన్నవాటిలోకెల్లా వేగమైన ప్రాసెసర్, ఉన్నవాటిలోకెల్లా పెద్ద హార్డ్ డిస్కు ఒకటి. చూడ్డానికి ఘనంగా ఉంది. మేనేజరుకు తెగ నచ్చింది. శివమ్మ కాగితం చదివి తిప్పి పంపింది. మన పని లెక్కలు కట్టేది కాదు, రాసిపెట్టేది, అడిగితే తీసిచ్చేది, అని డీలరుకు చెప్పింది. ప్రాసెసర్ మధ్యరకందైనా ఫర్వాలేదు, మెమరీ ఎక్కువ కావాలి, అదీ తనలో ఒక అక్షరం చెడితే తానే సరిచేసుకునే రకం కావాలి. పెద్ద డిస్కు ఒకటి వద్దు, చిన్నవి నాలుగు కావాలి, మిషను నడుస్తుండగానే బయటికి లాగి మళ్లీ పెట్టగలిగేవి కావాలి.

నాలుగెందుకని డీలరు వెళ్లాక నేను అడిగాను. రెండేసి చొప్పున జతలంది. ఒక జతలో హాజరు, పోత లెక్కలు ఉంటాయి. రెండో జతలో ఎవరు ఏ గడియలో ఏది రాశారో, ఏది మార్చారో ఆ చిట్టా ఉంటుంది. ప్రతి జతలో ఒకదాని మీద రాసింది అదే క్షణంలో రెండోదాని మీద కూడా పడుతుంది. కవలల్లాగా. ఒకటి కాలిపోయినా రెండోదాంట్లో అక్షరం పొల్లుపోదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఎండీ ఆర్డరు కోసం మిషను కొంటున్నాడు, ఈమె ఇంకొకందుకు కొంటోంది. నాకు భయం వేసింది. సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు?

కొటేషన్ మేనేజరు దగ్గరికి పోయింది. అతను ఎర్ర పెన్ను తీశాడు. రోజూ కాపీ తీసి దాచుకునే టేపు మిషను అందులో ఉంటే దుబారా అని కొట్టేశాడు. నాలుగు డిస్కుల దగ్గర పెన్ను ఆగింది, ఎందుకన్నాడు. శివమ్మ స్పీడు కోసం సార్ అంది. అది అబద్ధం కాదు, రెండు చోట్ల ఉన్నది తీసివ్వడం తొందరగానే అవుతుంది. నిజంలో సగం చెప్పింది, అంతే. స్పీడు అనే మాట అతనికి ఇష్టం, సంతకం పెట్టేశాడు. టేపు పోయినందుకు బాధపడుతుందనుకున్నాను. బయటికి వచ్చాక, ఇంకో కాపీ ఏడా లేదని ఆయనకు నమ్మకముండుడు మంచిదే అంది.

మిషను వచ్చాక ఆమె పెట్టిన హడావుడి ఇంతా అంతా కాదు. బట్టీ అంటుకున్నప్పుడల్లా మా ఫ్యాక్టరీలో లైట్లు గుడ్డివైపోతాయి, అందుకని బట్టీ లైనుతో సంబంధం లేని వేరే లైను లాగించింది. గది వెనక గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గులూ నింపించి ఎర్తింగ్ చేయించింది, ఎండాకాలం ఆ గోతిలో తానే బిందెతో నీళ్లు పోసేది. పోత ఫ్యాక్టరీలో గాలి నిండా ఇనప దుమ్ము. అది ఫ్యాన్లలోంచి లోపలికి పోతే షార్ట్ అవుతుందని గది సందులన్నీ మూయించి, గడపలో చెప్పులు విడిపించింది. కరెంటు పోయినా దారిలో ఉన్న అక్షరం పోకుండా డిస్కులను నడిపే కార్డుకు చిన్న బ్యాటరీ ఉండేది తెప్పించింది.

అన్నీ బిగించాక పరీక్ష చేసింది. హాజరు ఎక్కుతుండగా ఒక డిస్కు పట్టుకుని బయటికి లాగేసింది. మిషను కుయ్‌కుయ్‌మని మొత్తుకుంది గానీ పని ఆపలేదు. డిస్కు తిరిగి పెట్టింది. కాసేపటికి రెండోదాంట్లో ఉన్నదంతా దీంట్లోకి ఎక్కి మొత్తుకోవడం మానింది. మరో రోజు నడుస్తుండగానే కరెంటు పీకింది. అయినా ఏమీ పోలేదు. ఆ రోజు శివమ్మ మొహంలో నవ్వు చూశాను. బాలప్ప పోయాక చూడటం అదే మొదలు.

ఇప్పుడేం చేస్తావని అడిగాను. ఏమీ చెయ్యనంది. ఆయనకు ఆ ఒక్క విద్యే వచ్చు, మళ్లీ చేస్తాడంది. ఓర్చినమ్మకు తేట నీరు అని మా అమ్మ అనేది. నేనూ ఓర్చుకున్నాను.

మరుసటి ఏడు దసరా దగ్గరికి వచ్చింది. పండగకు ముందే ఒక లాట్ పంపాలని మేనేజరు బట్టీని ఆపకుండా తోలించాడు. తడి ఆరని అచ్చులో ఇనుము పోయించాడు. ఇనుము ఎగజిమ్మింది. చిన్నరాములు అని కంది ఊరి నుంచి సైకిలు మీద వచ్చే కూలీ, అతని మోకాలి కింద కాలు కాలిపోయింది. ప్రాణం దక్కింది. జీపులో వేసి ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఆ మధ్యాహ్నం శివమ్మ స్టేషనరీ గదిలో కూర్చుని ఏడవడం చూశాను. ఇన్నేళ్లు తాను కాచుకుని కూర్చున్నది ఇంకొకరి కాలు కాలడానికేనా అని తనను తాను తిట్టుకుంటోంది. కాల్చింది నువ్వు కాదన్నాను. కళ్లు తుడుచుకుంది. ఆ తరవాత ఆమె కళ్లలో తడి లేదు, కోపమే ఉంది.

సాయంత్రానికల్లా మేనేజరు ఆమె గదికి వచ్చాడు. పూజకు కొనాల్సిన సామాను సంగతి మాట్లాడుతూ నేనక్కడే ఉన్నాను. గుమస్తాలు అతని కంటికి కుర్చీల కిందే లెక్క కాబట్టి నన్ను బయటికి పొమ్మనలేదు. చిన్నరాములు ఆ రోజు డ్యూటీలో లేడు, చేతి రిజిస్టరులో అట్లాగే రాయించాను, కంప్యూటర్‌లో కూడా తీసెయ్యి, అన్నాడు. సిగ్గన్నది లేదు. అదే కథ, అదే గోడ దూకుడు.

శివమ్మ గొంతు ఏ మాత్రం మారలేదు.

"తీసేస్తె తీసినోళ్ల పేరు గూడ రాసుకుంటది సార్. నా పేరో, మీ పేరో పడ్తది. డిస్కే లేకుంట పోతె తప్ప అది పోదు."

"డిస్కెట్లా పోతుంది?"

"రేపు పూజల పెడ్తం గద సార్. ఏకాదశి దాంక అమ్మవారి ముంగటనే ఉంటది. అమ్మవారికి పెట్టినంక నేనైతే ముట్టను."

మేనేజరు గోడ మీది క్యాలెండరు చూసి వెళ్లిపోయాడు. నేను శివమ్మ వైపు చూశాను. ఆమె పూజ సామాను చిట్టీలో బంతిపూలు ఇంకో రెండు మూరలు పెంచమంది.

మా ఫ్యాక్టరీలో దసరా ఆయుధపూజ ఎట్లా జరుగుతుందో చెప్పాలి. నవమి రోజు మధ్యాహ్నం బట్టీ చల్లార్చి, షెడ్డు మధ్యలో అమ్మవారి పటం పెడతారు. ఎవరి పనిముట్టు వాళ్లు కడిగి తెచ్చి దాని ముందు పెడతారు. ఫిట్టర్లు పానాలు, డ్రైవర్లు తాళంచెవులు, ల్యాబ్ వాళ్లు తూకపు రాళ్లు, ఆఖరికి ఆఫీసువాళ్లు పెన్నులు. పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, హారతి. దసరా రోజంతా అవి అక్కడే ఉంటాయి. ఏకాదశి పొద్దున మళ్లీ హారతి ఇచ్చి, దండం పెట్టుకుని ఎవరిది వాళ్లు ఎత్తుకున్నాకే పని మొదలవుతుంది. ఆ లోపల ముట్టుకుంటే అమ్మవారి చేతిలోది గుంజుకున్నట్టే. నేను క్రైస్తవుణ్ని, నా పెన్ను అక్కడ పెట్టను, పక్కన నిలబడి చూస్తాను. కానీ నా పెన్ను కూడా ఆ రెండు రోజులు జేబులోంచి తియ్యను.

ఆ నవమి రోజు శివమ్మ సర్వర్‌ను పద్ధతిగా ఆపి, హాజరు ఉన్న జతలోంచి ఒక డిస్కు తీసింది. గదికి తాళం వేసింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడి నుంచి తెచ్చిన కుంకుమ దానికి పెట్టి, బంతిపూలు చుట్టి, పళ్లెంలో అమ్మవారి ముందు ఉంచింది. మనందరి హాజరు ఇందులోనే ఉందని చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేట్టు చెప్పింది. హాజరంటే కూలి, ఓవర్‌టైం, పీఎఫ్. ఒక్కొక్కరే వచ్చి ఆ డిస్కుకు ఇంకొంచెం కుంకుమ అద్దారు. మేనేజరు కూడా వచ్చి దండం పెట్టుకున్నాడు. అతని చూపు పటం మీద లేదు.

దసరా సాయంత్రం ఫ్యాక్టరీ ఖాళీ. అందరూ జమ్మికి పోయారు, బంగారం అని జమ్మాకు చేతిలో పెట్టి ఆలింగనాలు చేసుకునే వేళ. గేటులో ఐలన్న ఒక్కడే ఉన్నాడు, వాచ్‌మన్. మేనేజరు కారు వచ్చింది. పండగపూట సారు వచ్చాడంటే అమ్మవారికి మొక్కడానికేమో అనుకున్నాడు ఐలన్న. కాసేపటికి షెడ్డు వెనక, తుక్కు కుప్ప దగ్గర, ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వినిపించింది. కారు వెళ్లిపోయింది. ఐలన్న లోపలికి పోయి చూస్తే అమ్మవారి ముందు పళ్లెం ఖాళీ. చెబితే ఉద్యోగం, చెప్పకపోతే అమ్మవారు. తెల్లవార్లూ ఆ రెండింటి మధ్యా నలిగాడు పాపం.

ఏకాదశి పొద్దున అందరూ పనిముట్లు ఎత్తుకోవడానికి వచ్చారు. డిస్కు లేదు. షెడ్డు ఒక్కసారిగా గొల్లుమంది. మేనేజరు అప్పుడే నిద్ర లేచినట్టు మొహం పెట్టి వచ్చాడు. దొంగలు పడ్డారేమో, ఈ నెల హాజరంతా పోయినట్టే, ఏం చేస్తాం అన్నాడు. చిన్నరాములు తల్లి ముత్యమ్మ ఇచ్చిన ఫిర్యాదు మీద ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు కూడా ఆ పొద్దున్నే వచ్చాడు. ఎగుమతి లాట్ ఆగిందని ఎండీ హైదరాబాద్ నుంచి దిగాడు. ఇద్దరి ముందూ మేనేజరు చేతి రిజిస్టరు తెరిచి, చిన్నరాములు ఆ రోజు గైర్‌హాజరు, కంప్యూటర్‌లో చూద్దామంటే డిస్కు దొంగల పాలైంది, అని చెప్పి అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

శివమ్మ ఆ సంతకం పూర్తయ్యేదాకా ఆగింది. అప్పుడు, మిషను ఒకసారి ఆన్ చేసి చూద్దాం సార్ అని ఇన్‌స్పెక్టరుతో అంది.

అందరం గది ముందు చెప్పులు విడిచాం. ఆమె స్విచ్ వేసింది. మిషను కుయ్‌కుయ్‌మంది, ఒకచోట ఎర్ర లైటు వెలిగింది. చూశారా అని మేనేజరు ఎండీ వైపు తిరిగాడు, గొంతులో ఎంత ఆనందమో. తెర మీద మిషను ఏదో అడిగింది, శివమ్మ ఒక బటన్ నొక్కింది. ఎర్ర లైటు అట్లాగే ఉంది, మొత్తుకోవడం అట్లాగే ఉంది, డేటాబేస్ మాత్రం జతలో మిగిలిన డిస్కు మీద లేచి కూర్చుంది. ప్రింటరు కదిలింది. చిన్నరాములు పొద్దున గేటులో కార్డు గీకి లోపలికి వచ్చాడు. ఏ బట్టీ, ఏ అచ్చు, ఎవరు పొయ్యమన్నారు, అన్నీ ఉన్నాయి. బయటికి పోయినట్టు మాత్రం లేదు. జీపులో పోయాడు కదా, కార్డెవరు గీకుతారు?

మేనేజరు మొహం చూడాల్సింది. దొంగకు తేలు కుట్టినట్టయింది. నేను కళ్లారా చూశాను, పాస్టరుగారు ఏమన్నా సరే, ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆకలి బాగా వేస్తుంది.

అంతలో బట్టీలో పాత ఇనుము వేసే యాదన్న లోపలికి వచ్చాడు. సైకిలు పెట్టడానికి తుక్కు కుప్ప వెనక్కి పోయాడట. సుత్తె దెబ్బలతో సొట్టలు పోయిన డిస్కు అతని చేతిలో ఉంది. కుంకుమ ఇంకా దాన్ని అంటుకునే ఉంది, ఒక బంతిరెక్క కూడా. అది చూసి ఐలన్న ఇక ఆగలేకపోయాడు. రాత్రంతా మింగిన మాట అందరి ముందూ కక్కేశాడు.

లెక్కల్లో మోసం చేస్తే కూలీలు తిట్టుకుని ఊరుకునేవాళ్లేమో. అబద్ధపు రిజిస్టరు వాళ్లకు కొత్త కాదు. అమ్మవారి ముందు పెట్టిన ఆయుధాన్ని ఎత్తుకుపోయి సుత్తెతో కొట్టాడన్నది వాళ్లు దిగమింగుకోలేకపోయారు. ఫిట్టర్ల పెద్ద నర్సన్న తన పానాల ముందు నిలబడి ఒకటే మాట చెప్పాడు. ఈ మనిషి గేటు దాటేదాకా ఎవరూ పనిముట్టు ఎత్తరు. పనిముట్టు ఎత్తనిదే బట్టీ అంటుకోదు. సమ్మె కాదు, నినాదాలు లేవు. అందరూ పటం చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వంట చేయించుకుని అక్కడే తిన్నారు. ఎండీ బతిమాలాడు, బెదిరించాడు, విదేశీ ఆర్డరు పోతే అందరం మునుగుతామన్నాడు. పానాలు పానాల చోటే ఉన్నాయి.

చివరికి ఎండీ దిగివచ్చాడు. చిన్నరాములుకు వైద్యం, పర్మినెంట్ ఉద్యోగం ఒప్పుకున్నాడు. మేనేజరును తీసేస్తానన్నాడు. నర్సన్న లేవబోయాడు. శివమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇన్నేళ్లలో ఆమె తన కోసం నలుగురిలో నోరు తెరవడం అదే మొదటిసారి.

"నాదొక్కటున్నది. తొంభై ఒకట్ల గూడ డిస్కే పోయిందన్నడు. బాలప్ప హాజరు ఈయన చేత్తోనే తీసేసిండు. ఈయన చేత్తోనే మల్ల రాయాలె."

మేనేజరు కుదరదన్నాడు. తనకేమీ గుర్తు లేదన్నాడు. అప్పటి టైం ఆఫీసు గుమస్తా, జుట్టు నెరిసిపోయిన మనిషి, గుంపులోంచి లేచాడు. బాలప్ప బిళ్ల తీసి తన చేతిలో పెట్టి నాలాలో పారేయమన్నది ఈ సారేనని చెప్పి, మొహం కండువాలో దాచుకున్నాడు. ఎండీ మేనేజరు వైపు తిరిగి పోలీసులా, కంప్యూటరా, నువ్వే తేల్చుకో అన్నాడు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు కదా.

సర్వర్ గదిలో శివమ్మ కుర్చీలోనే అతన్ని కూర్చోబెట్టాం. గదిలో పట్టినంతమంది పట్టారు, మిగిలినవాళ్లు కిటికీల దగ్గర నిలబడ్డారు. ముందు అతని పేరుతోనే కంప్యూటర్‌లోకి ప్రవేశించమంది శివమ్మ, ఎవరు రాశారో చిట్టాలో పడాలి కాబట్టి. పెద్ద చదువు చదివినవాడు, ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. బాలప్ప. ఆ రోజు తారీఖు. షిఫ్టు. బట్టీ. తాగి ఉన్నాడా అని శివమ్మ అడిగింది. లేడన్నాడు. గట్టిగా చెప్పమంది. కిటికీల అవతల ఉన్నవాళ్లకు కూడా వినబడేట్టు చెప్పాడు. హాజరు అని కొట్టాడు. లోపలికి వచ్చిన టైము కొట్టాడు. అక్కడ ఆగిపోయాడు.

"బయటికి పోయిన టైము అడుగుతోంది. ఏం కొట్టాలి?"

శివమ్మ అతన్ని సార్ అనలేదు.

"ఖాళీగుంచు. లోపటికి వచ్చిండు. ఇంటికి రాలే."

అతను అట్లాగే వదిలేసి లేచాడు. గేటు దాకా కూలీలు రెండు వైపులా నిలబడి దారి ఇచ్చారు. కారు రోడ్డెక్కాక నర్సన్న హారతి వెలిగించాడు.

ఇప్పుడు కడుపు చల్లబడిందా అని ఆ సాయంత్రం నేను శివమ్మను అడిగాను. లేదంది. చల్లబడుతుందని ఎవరు చెప్పారంది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

లోపలికి వచ్చి బయటికి పోనివాళ్లు ఎవరైనా ఉంటే నెలకోసారి సర్వర్ ఆ పేర్లతో ఒక జాబితా ఇస్తుంది. ఎక్కువసార్లు అందులో ఒకే పేరు ఉంటుంది. అది చూశానని ఎండీ సంతకం పెట్టాలి. ఏ నెలైనా సంతకం ఆలస్యమైతే శివమ్మ ఆ కాగితం పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కి, ఆయన పెట్టేదాకా ఆయన గది ముందు కూర్చుంటుంది.